హేమంతస్నానము: భరతుని సౌకుమార్యము

శ్రీమద్రామాయణమున నరణ్యకాండమందలి 16వ సర్గము హేమంతవర్ణనమని పండితలోకమున సుప్రసిద్ధము. శ్రీరాముఁడు పంచవటిలోఁ బర్ణశాల యందు సుఖముగా నుండఁగా శరత్తు గడచి హేమంతము ప్రవేశించినది. ఒకనాఁడు తెల్లవాఱుచుండ నాతఁడు స్నానార్థమై గోదావరికిఁ బోవుచుండెను. సీతయు, కలశము చేతఁ బట్టుకొని లక్ష్మణుఁడును వెంట నడచుచుండిరి. ఆ నడకలో లక్ష్మణుఁడు ఋతువును వర్ణించుట, వర్ణించి వర్ణించి తుదకు దూరముననున్న భరతునిఁ దలఁచుకొనుట, ఇదియే యీ సర్గమందలి కథ. కథ యింత స్వల్పమైనను దీనియం దొక గొప్ప ప్రశ్న యిమిడియున్నది. సుకుమారమైన దేహము, దుస్సహమైన చలి, దృఢమైన భక్తి, ఈ మూఁడును నొక్కచోటఁ గూడినపుడు కవి దేనిని దేనికి లోఁబఱచును? ఆ ప్రశ్నను విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఈ సర్గమును జదువువారు రెండు తెఱఁగులవారుగాఁ గానవచ్చుచున్నారు. ప్రకృతివర్ణనాభిమానులు మంచును, వరిచేలను, మసకచంద్రుని మెచ్చుకొని, భరతుని ప్రసక్తి రాఁగానే పుస్తకము మూయుదురు. వారి దృష్టిలో నది ప్రకరణాంతరము. పురాణప్రవచనము చేయువారిలోఁ గొందఱు పూర్వభాగమును వేగముగా దాఁటి భరతునికడకు వచ్చి, భక్తి గలవానికిఁ జలి యెక్కడిదని యొక్కమాటతో శ్రోతలఁ దలలూఁపించి ముగింతురు. మొదటివారివలనఁ గావ్యమునకు మాత్రమే హాని. రెండవవారివలనఁ గావ్యమునకును, వినువారి దేహములకును గూడ హాని. ఏలయన, ఆ మాట విని మార్గశీర్షమాఘమాసములలో వేకువను నదిలో దిగువారిలోఁ బెక్కండ్రు వృద్ధులు, రోగులు, ఉపవాసకృశులు. కావున నా మాట వాల్మీకిహృదయ మగునా కాదా యని మూలమును బట్టి పరీక్షింపవలసియున్నది.

వర్ణనక్రమము

లక్ష్మణుఁడు చలిని నిందించుటతో నారంభింపఁడు. ఇది నీకుఁ బ్రియమైన కాలము, సంవత్సరమున కలంకారమువంటి కాలము అని యన్నతోఁ జెప్పి యారంభించును. పైరు పండిన భూమి, నూతనధాన్యముతో నాగ్రయణము గావించి పితృదేవతల నర్చించిన గృహస్థులు, పాడి సమృద్ధిగాఁ గల పల్లెలు, జైత్రయాత్రకు వెడలు రాజులు మొదటఁ గనఁబడుదురు. ఖర్జూరపుష్పములఁ బోలిన కంకుల బరువునఁ గొంచెము వంగి బంగారువన్నె దేఱిన వరిచేలు కనఁబడును. కవికి హేమంతముమీఁద ద్వేషము లేదు. ఈ ఋతువు కలవారికిఁ గలిమినే చూపును. ఆ సంగతి నతఁడు మఱుఁగుపఱుపలేదు.

చలి మెల్లమెల్లగా లోనికి వచ్చును. సూర్యుఁడు దక్షిణదిక్కును సేవింపఁగా నుత్తరదిక్కు తిలకము లేని స్త్రీవలె వెలవెలఁబోయినది. పగటియెండ యింపైనది, నీడయు నీరును నింపుగానివైనవి. రాత్రులు దీర్ఘములైనవి; జనులు బయటఁ బరుండుట మానినారు. చంద్రుని సౌభాగ్యము సూర్యునకు సంక్రమించినది. చంద్రుఁడు నిట్టూర్పు సోఁకి మసకబాఱిన యద్దమువలె నున్నాఁడు.

ఈ కడపటి యుపమానము నాలంకారికు లెఱుఁగుదురు. 9వ శతాబ్దమునఁ గాశ్మీరమున వెలసిన యానందవర్ధనాచార్యుఁడు ధ్వన్యాలోకమున ద్వితీయోద్ద్యోతమున నత్యంతతిరస్కృతవాచ్యధ్వనికి దీని నుదాహరణముగా గ్రహించినాఁడు. కన్నులు గలదానికిఁ గదా యంధత్వము! అద్దమునకుఁ గన్నులు లేవు గనుక నంధశబ్దము తన ముఖ్యార్థమును బూర్తిగా విడిచి, కాంతిహీనత మొదలైన ధర్మములను స్ఫురింపఁజేయునని సిద్ధాంతము. ఆచార్యుని దృష్టి శబ్దవ్యాపారముమీఁద నున్నది. వర్ణనక్రమమును జూచువారి కందు వేఱొక విశేషముగూడఁ దోఁపవచ్చును. అద్దముమీఁద మసక గట్టునది మనుష్యుని యూపిరి. అంతవఱకు దిక్కులయందును, ఎండయందును, రాత్రియందును మాత్రమే యున్న చలి యిచ్చట నూపిరిదాఁక వచ్చినది. వర్ణనము దేహమునకు దిగినచో టిదియే.

ఆ వెనుక నొక యడవియేనుఁగు. మిక్కిలి దప్పిగొని నీటికడకు వచ్చినది. చల్లని నీటిఁ దొండముతోఁ దాఁకినది. తాఁకినంతనే తొండమును ముడుచుకొన్నది. తరువాత నీటిపక్షులు. అవి యొడ్డున నీటిదాపునఁ గూర్చుండియుండియు, పిఱికివారు యుద్ధములోఁ జొరనట్లు నీటిలోఁ జొరకున్నవి. ఆ వెనుక మంచు గప్పిన నదులు, పూలు లేక నిద్రించుచున్నట్లున్న వనములు, కాఁడలు మాత్రమే మిగిలిన తామరకొలఁకులు. అచ్చటినుండి భరతుఁడు.

ఏనుఁగునకు నీరు క్రీడాస్థానము. నీటిపక్షికి నీరు జన్మస్థానము. ఆ రెంటికిని లేని ధైర్యము రాజభవనమునఁ బుట్టి పెరిగినవానికి గలదని చూపుటకే కవి యీ సోపానమును గట్టినాఁడు. ఇది మా యూహ మాత్రమే కాదు, ధాతువే సాక్షి. పక్షులు నీటిలోఁ జొరకుండుటకును, భరతుఁడు సరయువులో మునుఁగుటకును గవి యొక్కగాహధాతువునే వాడినాఁడు. ఉపసర్గమునఁ బాఠభేదములున్నను ధాతువున భేదము లేదు. ఈ ధాతువు ధాతుపాఠమున విలోడనార్థమునం దాత్మనేపదిగాఁ బఠింపఁబడినది. పక్షులయెడ వచ్చిన పరస్మైపద మార్షము. భరతునియెడ వచ్చిన యాత్మనేపదము శాస్త్రసిద్ధము. ఇందును నొక స్వారస్యమును వెదకవచ్చును గాని, ఛందోవశమున రాఁదగిన పదభేదముపై నర్థసౌధమును గట్టుట వైయాకరణునకుఁ దగదు. ధాతు వొక్కటియే యనుట ప్రకృతమునకుఁ జాలును.

ఇంతమాత్రమే కాదు. పూర్వభాగమున వర్ణింపఁబడిన ప్రతి సౌఖ్యమునకును భరతునియం దొక త్యాగము ప్రతిగా నిలుచుచున్నది. అచ్చట రాజులు జైత్రయాత్రకు వెడలుచున్నారు. ఇతఁడు రాజ్యమునే విడిచినాఁడు. అచ్చటఁ బల్లెలయందుఁ బాలు పెరుఁగులు సమృద్ధములు; ఇతఁడు నియతాహారుఁడు. అచ్చట జనులు బయటఁ బరుండుట మానినారు. ఇతఁడు చల్లని నేలపైఁ బరుండును. అచ్చట నీ రెల్లరకు నప్రియము. ఇతఁడు రాత్రి కడపటిజామున నీటికే పోవును. నాలుగు విషయములిట్లు వరుసగా నెదురెదురుగా నిలుచుట యాదృచ్ఛిక మనరాదు. హేమంతవర్ణనము భరతస్మరణమునకుఁ బీఠిక. భరతస్మరణము హేమంతవర్ణనమునకు ఫలము. మొదటి తెఱఁగు పాఠకులు పుస్తకము మూసినచోటనే కావ్యము తెఱువఁబడుచున్నది.

పదవిమర్శము

ఇఁక రెండవ తెఱఁగువారి మాట. భక్తి గలవానికిఁ జలి యెక్కడిదని వారందురు గదా. లక్ష్మణుఁడు భరతునకు వేసిన విశేషణములలో హిమార్దితుఁ డనునది యొకటి. హిమముచే నర్దితుఁడని తృతీయాతత్పురుషము. కర్తృకరణములయందలి తృతీయాంతము కృదంతముతో సమసించునని పాణిని 2-1-32 సూత్రమున విధించినాఁడు. అర్దధాతువునకు హింసయు, పీడయు నర్థములు. కర్మార్థమందుఁ గ్తప్రత్యయము వచ్చినది. కావునఁ బీడించునది హిమము, పీడింపఁబడువాఁడు భరతుఁడు. చలి లేదనుటకుఁ గాని, ఉన్నను దెలియలేదనుటకుఁ గాని యీ పదమునం దవకాశము లేదు. చలి యతనికిఁ దగిలినది, బాధించినది అని ప్రత్యయమే చెప్పుచున్నది.

భక్తి మాట యేమైనది? అదియుఁ దృతీయతోనే యున్నది. నీయందలి భక్తిచేత భరతుఁడు తపము సేయుచున్నాఁడని లక్ష్మణుఁడు రామునితో ననును. ఆ తృతీయ హేత్వర్థమందు వచ్చినది. 2-3-23 సూత్రము విషయము. ఈ రెండు తృతీయలను బ్రక్కప్రక్కన నుంచి చూడవలెను. అర్దనక్రియకు హిమము కర్త, భరతుఁడు కర్మ. అవగాహనక్రియకు భరతుఁడు కర్త. అతని తపమున కంతకును భక్తి హేతువు. ఒక్కమనుష్యుఁడే యొక క్రియకుఁ గర్మయై వేఱొక క్రియకుఁ గర్త యగుచున్నాఁడు. హేతువు వచ్చి యర్దనక్రియను బాధించినదని కవి చెప్పలేదు. భక్తి చలిని దొలఁగింపదు, చలిలోనికి నడిపించును. ఈ రెండు వాక్యములకును నున్న భేదమే యీ సర్గమునకుఁ బ్రాణము.

నూన మనునదియుఁ, గథ మనునదియు నను రెండవ్యయములను గూడఁ బరిశీలింపవలెను. ఈ వేళనే యాతఁడును స్నానమునకు లేచి ప్రజలతోఁ గూడి సరయువునకుఁ బోవుచుండునని చెప్పునపుడు లక్ష్మణుఁడు నూనశబ్దమును వాడును. కన్నులఁ జూడకయే నిశ్చయించుట దాని యర్థము. నీట మునుఁగుట చెప్పునపుడు కథంశబ్దమును వాడును. అంత సుఖములోఁ బెరిగినవాఁడు, సుకుమారుఁడు, చలిచేఁ బీడితుఁడు, ఎట్లు మునుఁగుచున్నాఁడో యని. చేయునా చేయఁడా యనుటలో సందేహము లేదు. ఎట్లు చేయఁగలుగుచున్నాఁడనుటలో మాత్ర మాశ్చర్యమును, జాలియును గలవు. భక్తి చలిని లేకుండఁ జేయునని లక్ష్మణుఁడు తలఁచియుండినయెడల నీ ప్రశ్న వేయుటకే యవకాశము లేదు. ప్రవచనకారులు ప్రశ్నను జెఱిపి సమాధానమును వ్రాసినారు.

అభిషేకశబ్దమునందును నొక చమత్కారము గలదు. భరతుఁడు సరయువునకుఁ బోవుట యభిషేకముకొఱకని కవి ప్రయోగించినాఁడు. ఇచ్చట నా శబ్దమునకు స్నానమని యర్థము. కాని యయోధ్యాకాండమును జదివివచ్చినవాని చెవికిఁ బట్టాభిషేకము స్ఫురింపక మానదు. తనకై సిద్ధమైన యభిషేకమును నిరాకరించినవాఁడు దినదినము వేఱొక యభిషేకమునకు లేచుచున్నాఁడు.

రెండాక్షేపములు

ఇందుపై రెండాక్షేపములు రావచ్చును. భరతుఁడు దీర్ఘబాహువు, శత్రుదమనుఁడు అని యా సర్గముననే చెప్పఁబడియుండఁగా నతఁడు దుర్బలుఁ డెట్లగునని మొదటిది. దౌర్బల్యమును సౌకుమార్యమును నొక్కటి గావు. సౌకుమార్యమనఁగా నోర్పునకు నలవాటుపడని దేహస్థితి. అందుచేతనే కవి సుకుమారశబ్దమునకుఁ బ్రక్కనే యతఁ డత్యంతసుఖమునఁ బెరిగినాఁడని కారణముఁ జెప్పినాఁడు. శత్రువును గెలుచు బాహువు చలిని గెలువలేదు. చలికి బాహువుతోఁ బని లేదు. పైఁగా నీటఁ జొరని పక్షులను యుద్ధమునఁ జొరని పిఱికివారితోఁ బోల్చిన కవి, నీటఁ జొచ్చువానిని శత్రుదమనుఁడనుట యెంతయు నుచితము.

రెండవ యాక్షేపము సూక్ష్మమైనది. పంచవటికి రాకమునుపే రాముఁడు మున్యాశ్రమములలోఁ బది సంవత్సరములు గడపినట్లీ కాండముననే యున్నది. అనఁగా భరతుఁడు పదింటికి మించిన హేమంతములు తపమునఁ బుచ్చియుండవలెను. అంతకాల మలవాటైన పిదప సౌకుమార్య మింక నెక్కడిది? నిజమే. కాని లక్ష్మణుఁ డెఱిఁగిన భరతుఁడు తాను చిత్రకూటమునఁ గడపటిసారి చూచిన భరతుఁడు. దూరముననున్న యాత్మీయుని మనము తుదిసారి చూచిన దేహముతోనే తలఁతుము. సౌకుమార్యము భరతుని దేహమున నెంత మిగిలెనో కవి చెప్పలేదు; లక్ష్మణుని మనస్సున నది చెక్కుచెదరలేదని చెప్పినాఁడు. ఈ యాక్షేపము కావ్యమునకుఁ గొఱంత గాక కొత్తశోభనే తెచ్చుచున్నది.

వక్తృవిశేషము

ఈ మాట లాడువాఁడు లక్ష్మణుఁడగుట యాదృచ్ఛికము గాదు. చిత్రకూటమునఁ జెట్టెక్కి భరతసైన్యమును జూచి, అతఁడు చంపవచ్చుచున్నాఁడని భ్రమించి, చంపుదునని విల్లు గోరినవాఁ డీ లక్ష్మణుఁడే. వయస్సున భరతుఁ డన్న, లక్ష్మణుఁడు తమ్ముఁడు. ఒకనాఁ డన్నపై బాణమెత్తఁదలఁచిన తమ్ముఁడు నేఁడు నీటిచల్లఁదనమును దలఁచుకొని యన్నదేహమునకై వగచుచున్నాఁడు. వాదముచేతఁ గాని, ఉపదేశముచేతఁ గాని యీ మార్పు రాలేదు. తానును నదే వేళ నదే చలిలో నడచుచుండుటచే వచ్చినది. తన యొడలికిఁ దగిలినచలి యొరునియొడలికిని దగులునని యెఱుఁగుటయే కరుణకు మొదలు.

అటనుండి యతని మనస్సు కైకేయిమీఁదికిఁ బోయినది. ఇట్టి కొడుకును గన్నతల్లి యంతటి క్రూరురా లెట్లయ్యెనని యనఁబోఁగా రాముఁడు వారించినాఁడు: నడిమితల్లిని నిందింపవలదు, భరతుని మాటయే చెప్పుమని. మఱియు వనవాసమున దృఢమైన తన బుద్ధిగూడ భరతస్నేహముచేఁ దపించి బాల్యము వహించుచున్నదని యొప్పుకొనెను. లక్ష్మణుఁ డడిగిన ఎట్లు అను ప్రశ్నకు మాత్రము రాముఁడు సమాధానము చెప్పలేదు. భక్తివిషయుఁడైన స్వామియే, నా భక్తునకుఁ జలి లేదని పలుకలేదు. విలపించుచు నడచి, గోదావరి చేరి, సీతాలక్ష్మణులతోఁ దానును స్నానమాడెను. నాసికప్రాంతమువారు పంచవటి తమదందురు. భద్రాచలప్రాంతమున మనవారు పర్ణశాలను జూపుదురు. ఏది యైనను నీరు గోదావరినీరే. ఇచ్చట నన్నయు, నచ్చటఁ దమ్ముఁడును నొక్కవేళనే చన్నీటఁ దోఁగుచున్నారన్న భావమే రాముఁ డిచ్చిన సమాధానము.

కావ్యాంతరసంవాదము

ఇట్టి సన్నివేశమును గాళిదాసమహాకవి కుమారసంభవమున 5వ సర్గమున వేఱొకవిధముగా నిర్వహించినాఁడు. పార్వతి పుష్యమాసపు రాత్రులయందు మంచుగాలిలో నీటనుండి తప మాచరించును. ఎదుట వియోగమున నఱచుచున్న చక్రవాకమిథునముపై నామె దయఁ జూపును. మంచుచేఁ దామరలు నశించిన కొలఁకునకు నామె మోమే తామర యగును. ఇందు సౌందర్యమునకుఁ గొఱంత లేదు. కాని చలి యిచ్చట నలంకారమునకు సామగ్రి యైనది. దయఁ జూపునది తపస్వినియే. ఆమె పెదవి వణఁకుటను గవి మోముతామరకు శోభగానే చూపినాఁడు. వాల్మీకియం దట్లు గాదు. తపస్వి పీడితుఁడు; దయఁ జూపువాఁడు వేఱొకఁడు.

అయినను గాళిదాసుఁడు సత్యమును దాఁచలేదు. కొంతతడవునకు బ్రహ్మచారివేషమున శివుఁడు వచ్చి పార్వతిని గుశలమడుగును. స్నానమునకుఁ దగిన నీరు దొరకుచున్నదా, స్వశక్తికిఁ దగినట్లు తపము సేయుచున్నావా యని యడిగి, ధర్మసాధనములలో శరీరమే మొదటిదని చెప్పును. ఈ వాక్యమును లోకులు లోకోక్తిగా వాడుదురు గాని, యది యెవరు, ఎవరితో, ఎప్పుడు పలికిరో తఱచు మఱచుచుందురు. ఎవనికొఱకు సుకుమారి యొడలు కృశింపఁజేసికొనుచున్నదో, ఆతఁడే వచ్చి యొడలు మొదట రక్షింపఁదగినదని చెప్పుచున్నాఁడు.

భాగవత దశమస్కంధమున 22వ యధ్యాయమునందలి గోపికావ్రత మింకొక సాక్ష్యము. హేమంతమున మొదటిమాసమున గోపకన్యలు హవిష్యము భుజించి, వేకువను గాళిందిలో మునిఁగి కాత్యాయనిని బూజింతురు. వస్త్రాపహరణసమయమున వారు చల్లనినీటఁ గంఠముదాఁక మునిఁగి వణఁకుచుఁ గృష్ణునితో మాటాడిరని మూలమున స్పష్టముగా నున్నది. వారికంటె భక్తు లెవ్వరు? వారికిని వణఁకు తప్పలేదు. వ్యాసవాల్మీకులిద్ద ఱేకకంఠమున నొప్పుకొన్న వణఁకును బ్రవచనకారుఁడు కాదనుట సాహసము.

శాస్త్రవిచారము

భరతుని స్నానము నెల్లరకు విధిగాఁ జెప్పువారు మఱియొక్క సంగతి గమనింపవలెను. లక్ష్మణుని వాక్యమున నున్నది లట్టు, విధిలిఙ్ఙు గాదు. మునుఁగుచున్నాఁడని యున్నది గాని మునుఁగవలెనని లేదు. ఒక యన్నను గూర్చి యొక తమ్ముఁడు పలికిన జాలిమాటను విధివాక్యముగా మార్చుట మీమాంసకులకును సమ్మతము గానేరదు.

విధి కావలసినవారికి ధర్మశాస్త్రములు గలవు. అవి స్నానమును నేడువిధములుగా విభజించినవి: మంత్రములతోఁ బ్రోక్షించుకొనుట మాంత్రము, మృత్తిక నలఁదుకొనుట భౌమము, భస్మస్నాన మాగ్నేయము, గోధూళి సోఁకుట వాయవ్యము, ఎండ గాయుచుండఁగాఁ గురిసిన వానలోఁ దడియుట దివ్యము, నీట మునుఁగుట వారుణము, విష్ణుచింతనము మానసము. శరీరమున కసామర్థ్యము గలిగినపుడు, దేశకాలము లనుకూలింపనపుడు మిగిలినవి యుపయోగించునని వానియభిప్రాయము. చేసిన పూర్వు లొడలిదౌర్బల్యమును భక్తిలోపముగా నెంచలేదు. దానికొక స్థానమిచ్చి, ఆ స్థానమునకుఁ దగిన స్నానమిచ్చినారు.

ఆయుర్వేదమును నిట్లే పలుకును. హేమంతమున జఠరాగ్ని ప్రబల మగునని చరకసంహిత సూత్రస్థానమున 6వ యధ్యాయమునఁ గలదు. ఈ మాటను బట్టి చలికాలమే దేహమునకు మేలైన కాలమని కొందఱు చెప్పుదురు. కాని యచ్చట బలవంతులకని షష్ఠీబహువచనాంత మొకటి యున్నది. చల్లగాలి సోఁకి లోన నిరుద్ధమైన యగ్ని బలవంతులయందే బలీయ మగును. బలహీనులకు నా మాట వర్తింపదు. ఒక్క విశేషణమును విడిచి చదివినచో నౌషధమే యపథ్యమగును.

నేఁటి వైద్యులును దీనికి భిన్నముగాఁ జెప్పరు. చన్నీట నొక్కుమ్మడి మునిఁగినపుడు చర్మమందలి రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు హెచ్చును; ఊపిరి యదుపు దప్పి యెగయును; గుండెకు శ్రమ పెరుఁగును. వృద్ధులయందుఁ జలిని దెలిసికొను శక్తియే తగ్గుటయుఁ గలదు. కావున, నాకుఁ జలి తోఁపలేదని యొక ముదుసలి సంతోషముతోఁ జెప్పినపుడు, అది భక్తిలక్షణము గాక వార్ధకలక్షణమే కావచ్చును. దాని విని ప్రక్కవారు చేతులు జోడించుటకంటెఁ బొడిబట్ట యందిచ్చుట మేలు.

ఇంతమాత్రమున, చలిలో స్నానమాడు భక్తుల నాక్షేపించుట మా తలంపు గాదు. భరతుని స్నానమును జిన్నపుచ్చుట యంతకంటెను గాదు. చలి తెలియనివాని స్నానమున వింత యేమి? పీడ గలిగియు మునుఁగుటయందే మహిమ. భక్తునకుఁ జలి లేదనువారు భరతుని పొగడుచున్నామని తలంచి యాతని తపము నపహరించుచున్నారు. మంచు తగులనివానికి సరయువు వట్టి నీరు. మంచు తగిలినవానికే యది తపస్సు.

మాఘమాసమున గోదావరి రేవులలో నెన్నఁడైనను వేకువను నిలుచున్నవారు రెండు తెఱఁగులవారిని జూచియుందురు. ఒకరు మూఁడు మునుకలు మునిఁగి లేతురు. ఒకరు మెట్టుమీఁదనే కూర్చుండి మూఁడు దోసిళ్లు తలపైఁ జల్లుకొని, కన్నులు మూసికొని, మాటలేక యుందురు. రెండవవారిని జూచి నవ్వువారికి శాస్త్రమున నాధారము లేదు. కావ్యమున నంతకంటె లేదు. కావ్యమున నున్నది లక్ష్మణుని ప్రశ్న. మునుఁగువాఁడు తనకుఁ దగిలినచలిని లెక్కింపకుండుట భక్తి. దానిని లెక్కించుట యొడ్డున నున్నవాని ధర్మము. ఆ లెక్కను లక్ష్మణుఁడు చేసినాఁడు. అందుచేతనే యేనుఁగును, పక్షులును, పండినవరియు, మసకచంద్రుఁడును గల యా హేమంతమంతయు నొక యన్నను గూర్చిన దిగులుగాఁ బరిణమించి, వర్ణన మాత్రము గాక కావ్యమైనది. సహృదయు లీ సర్గమును మొదటినుండి తుదివఱకు నేకవాక్యముగాఁ జదివి గుణదోషముల నిర్ణయింతురు గాక.